సత్రం మిద్దె విప్పి వేస్తున్నాం: చంద్రగిరి పని డైరీ

జనవరి ఆఖరు

మొత్తానికి మిద్దె విప్పడానికి ముహూర్తం కుదిరింది. ఇది పంచాంగం చూసి పెట్టింది కాదు, వానలు చూసి పెట్టింది. మా వైపు పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి దాటితే, మామిడికాయలు రాల్చే వేసవి గాలివానలు మొదలయ్యేదాకా ఆకాశాన్ని కొంచెం నమ్మొచ్చు. ఆ సందులోనే పడసాల మీది పడమటి సగం విప్పి, దూలాలు బాగుచేసి, మళ్ళీ మూసేయాలి.

సత్రం గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. ముత్తాత కట్టించింది. శ్రీనివాస మంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు ఎక్కి తిరుమల కొండకు పోయేవాళ్ళు రాత్రి నడుం వాల్చడానికి, తెల్లారి ఇంత తిని బయల్దేరడానికి. ముందు రాతి స్తంభాల వసారా, రెండు పక్కలా తిన్నెలు, లోపల పొడుగాటి పడసాల, దాని అవతల ఆకాశానికి తెరిచిన తొట్టి, వెనక వంటిల్లు, బావి. పెరటాసి నెలలో (తమిళ నెల, సెప్టెంబరు నడుమ నుంచి అక్టోబరు నడుమ దాకా) తమిళం వైపు నుంచి గోవిందలు చెప్పుకుంటూ నడిచి వచ్చేవాళ్ళతో తిన్నెల మీద కాలు పెట్టే సందుండేది కాదని మేనత్త చెబుతుంది. ఆమె కూడా చూసింది కాదు, వాళ్ళవ్వ చెప్పిందే. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచారు. 1974కు రెండోది కూడా వచ్చింది. బస్సులో కూర్చుంటే కొండ చేరే రోజుల్లో 2,388 మెట్లు ఎక్కేది మొక్కుకున్నవాళ్ళే. సత్రం మెల్లగా చెనిక్కాయల గోడౌను అయింది. ఆ తర్వాత తాళం.

2021 నవంబరులో, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ళవాళ్ళు కంటిమీద కునుకు లేకుండా గడిపిన ఆ వారంలోనే, పడసాల మిద్దె పడమటి మూల కూలింది. ఆ వానలకే కొట్టుకుపోయిన శ్రీవారి మెట్టు దారిని 2022 మే నెలలో బాగుచేసి తెరిచేశారు. మా ఇంట్లోవాళ్ళ సంతకాలు ఒక కాగితం మీదికి రావడానికి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ కాలం పట్టింది. బావ లెక్క వేరే. తిరుపతి పెరుగుతూ పెరుగుతూ చంద్రగిరికి వచ్చేసింది, కొట్టేసి కల్యాణమండపం కడితే ఏడాదికి ఇంత అని కాగితం మీద వేసి మరీ చూపించాడు. చిన్నాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "నేను పోయినాక కట్టుకో నాయనా" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగింది.

అనుమతి సంగతి కూడా రాసిపెడుతున్నా, ఇలాంటి కట్టడం ఉన్నవాళ్ళకు పనికొస్తుంది. చంద్రగిరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో చట్టానికి చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, దాని అవతల ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మా సత్రం రెండోదాంట్లో పడింది. కొత్తగా కట్టడానికే కాదు, మరమ్మతుకు కూడా ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. ఫొటోలు, కొలతలు, ఏ సామాన్లు వాడతామో అన్నీ రాసిచ్చాం. అన్న బెంగళూరులో కూర్చుని డ్రాయింగులు వేయించాడు. ఆ పని చేస్తూ మొదటిసారి కట్టడమంతా టేపు పట్టి కొలిచాం. ఒక్క గోడ కూడా ఇంకో గోడకు సమానంగా లేదు.

ఫిబ్రవరి: సిమెంటు ఊడదీత

ఈ కట్టడాన్ని వాన పాడుచేసిందని అందరూ అంటారు. ఊడగొట్టి చూస్తే వాన కంటే సిమెంటు ఎక్కువ పాడుచేసిందని తేలింది.

1980ల్లో గోడల అడుగుభాగం నెమ్ము పట్టి సున్నం పెచ్చులు లేస్తూ ఉంటే, మనిషి ఎత్తు దాకా సిమెంటు పూత వేయించారు. వేయించింది చిన్నాయనే. అప్పట్లో అందరూ చేసింది అదే, సిమెంటు పూత ఉంటే ఇల్లు బాగా చూసుకుంటున్నారని లెక్క. కానీ ఇటుక గోడ నేలలోంచి నీళ్ళు పీలుస్తుంది. సున్నం పూత ఉంటే ఆ తడి పూతలోంచి బయటికి ఆరిపోతుంది. సిమెంటు దాన్ని ఆరనివ్వదు. లోపల ఇరుక్కున్న తడి పైకి ఎక్కుతుంది, ఉప్పును కూడా తీసుకెళ్తుంది, ఆ ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి ఇటుకను పొడి చేస్తుంది. సిమెంటు పెచ్చును ఉలితో లేపితే దాని వెనక ఎర్రటి పిండి జలజలా రాలింది. పైన, సిమెంటు తగలని చోట, అదే గోడ ఇటుకలు గోరు దిగనంత గట్టిగా ఉన్నాయి.

చిన్నాయన ఆ పిండిని చేతిలోకి తీసుకుని చూశాడు. "ఇటుకే మంచిది కాదేమో" అన్నాడు. మేస్త్రి ఏమీ అనలేదు. పైనుంచి ఒక ఇటుక ముక్క, కింది నుంచి ఒక ముక్క తీసి ఆయన ముందు తిన్నె మీద పెట్టి పనిలోకి పోయాడు.

పడసాల తూర్పు గోడకు ఒకచోట సిమెంటు వేయకుండా బీరువా వెనక వదిలేశారు. ఆ బీరువా జరిపితే పాత పూత బయటపడింది. విరిగిన అంచు దగ్గర కూర్చుని భూతద్దంతో చూశా. ఇటుక మీద ముందు వేలు మందాన ముతక సున్నం, అందులో ఇసుక రేణువులు విడివిడిగా కనబడతాయి. దాని మీద సన్నటి ఇసుక కలిపిన పొర. ఆ పైన గోరంత మందం కూడా లేని తెల్లటి పొర, ఇసుక అసలే లేదు, గుల్ల సున్నం. తడిగుడ్డతో తుడిస్తే కిటికీ వెలుతురు అందులో కనబడింది. మంచి రోజుల్లో ఈ చివరి పొరకు గుడ్డు సొన కలిపి, నున్నటి రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దేవాళ్ళు. శాకాహారులు మొక్కు తీర్చుకోను పోయే దారిలో ఉన్న సత్రానికి గుడ్డు సొన వేశారా లేదా అని మేనత్తకు, అమ్మకు పెద్ద చర్చ నడిచింది. ఆ ముక్కను అలాగే ఉంచేస్తున్నాం, కొత్త పూత దాని అంచుకు కలిపి ఆపుతాం.

శివరాత్రి ముందు: సున్నం గుంత

మేస్త్రిది తిరుపతి. వాళ్ళ నాయన దగ్గర గుళ్ళ పనిలో డంగు సున్నం, అంటే ఇసుక కలిపి రుబ్బిన సున్నం పని, నేర్చుకున్నవాడు. ఇప్పుడు బేల్దారి పని చేసేవాళ్ళలో సున్నంతో చేయి తిరిగినవాళ్ళు దొరకడం కష్టం. అందుకే ఈయన ఎప్పుడు వస్తానంటే అప్పుడే మా పని.

పెరట్లో గుంత తవ్వి, అడుగున ఇటుకలు పరిచి, ముందు నీళ్ళు నింపాం. సున్నపు రాళ్ళు తర్వాత వేయాలి. రాళ్ళ మీద నీళ్ళు పోస్తే ఎగజిమ్మి కళ్ళు పోతాయి. అద్దాలు, చేతికి తొడుగులు లేకుండా ఆ దరిదాపులకు ఎవర్నీ రానివ్వలేదు. అన్న కూతురు మాత్రం వసారా మీదినుంచి ఫోనులో వీడియో తీసింది. రాయి నీళ్ళలో పడ్డాక కాసేపు ఏమీ ఉండదు, తర్వాత గుంత మొత్తం కుతకుతా ఉడకడం మొదలవుతుంది. ఉడికి చల్లారిన సున్నాన్ని నీళ్ళ కిందే మగ్గబెట్టాలి. ఎంత మగ్గితే అంత మంచిది. నెల దాటాక చూస్తే పారకు గడ్డపెరుగులా వచ్చింది. ఉడకని గింజలు మిగిలితే అవి గోడలోకి పోయాక మెల్లగా ఉబ్బి పూతను పగలగొడతాయి, అందుకని జల్లెడ పట్టకుండా ఒక్క బొచ్చెడు కూడా వాడనివ్వడు.

ఇక కరక్కాయ, బెల్లం. ఈ రెండూ దంచి నీళ్ళలో పులియబెట్టి, ఆ నీళ్ళతోనే సున్నం కలుపుతారు, మిద్దె మీద చల్లుతారు. కరక్కాయలు శ్రీకాళహస్తిలో తెచ్చాం. కలంకారీవాళ్ళు బట్టను కరక్కాయ నీళ్ళలో, పాలలో తడిపాకే బొమ్మ గీస్తారు కాబట్టి అక్కడ ఎప్పుడూ దొరుకుతాయి. వాళ్ళ నల్లరంగు కసిమి కూడా బెల్లం నీళ్ళలో ఇనప తుక్కు ఊరబెట్టి చేసేదే. కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, ఆ పొత్తు మీదే వాళ్ళ గీత నిలబడుతుంది. మాకు ఆ పొత్తు పనికిరాదు. అందుకే మేస్త్రి ఇనప డ్రమ్ములు వెనక్కి పంపించి ప్లాస్టిక్‌వి తెప్పించాడు.

బెల్లం చిత్తూరు మండీ నుంచి. తినే రకం అక్కర్లేదు, నల్లబెల్లం చాలు అన్నాడు మేస్త్రి. మా వైపు నల్లబెల్లం బస్తాల లెక్కన అడిగితే ఎవరైనా ఎగాదిగా చూస్తారు. "మిద్దెకా, సారాకా?" అని షాపాయన మొహమాటం లేకుండా అడిగాడు. అన్న ఫోనులో సత్రం ఫొటోలు చూపించాక గానీ తూకం వేయలేదు.

డ్రమ్ముల దగ్గర వాసన గురించి వదిన ఏమందో ఇక్కడ రాయలేను. పైన నురగ కడుతుంది, చీమలు బారులు తీరి వస్తాయి, మూత సందులోంచి లోపలికి దిగి మునిగి చస్తాయి. వడగట్టడం పిల్లల పని.

ఉగాది ముందు: దూలాలు

మాది మద్రాసు మిద్దె. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో, అంతకు ముందు చంద్రగిరి ఉత్తర ఆర్కాటులో ఉండేది. ఇళ్ళు కట్టే పద్ధతి కూడా మద్రాసు వైపుదే. టేకు దూలాలు, వాటి మీద అడుగు అడుగున్నరకు ఒకటి దంతెలు (అడ్డంగా వేసే సన్న కట్టెలు), ఆ పైన పలచ ఇటుకలు, ఇటుక జల్లి, పైన బిళ్ళలు. చంద్రగిరి కోటలోని రాజమహల్లో ఇంత కలప గొడవ లేదు, మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నమే. ఒక సాయంత్రం అందరం పోయి దాని పైకప్పు చూసొచ్చాం. "వాళ్ళు రాజులు" అన్నాడు మా వడ్రంగి ఆచారి, తిరిగి దూలాల మీదికి ఎక్కుతూ.

సవుకు కట్టెలతో పోట్లు పెట్టి, మిద్దె బరువు వాటి మీద నిలిపి, ఒక్కో దంతెను ఆచారి సుత్తితో తట్టుకుంటూ పోయాడు. గట్టిదానికి ఖంగుమని పలుకుతుంది. లోపల చెద తిన్నదానికి డొల్ల మోత. అనుమానం ఉన్నచోట స్క్రూడ్రైవరు గుచ్చాడు. నడుమంతా బాగానే ఉంది. పోయినవి కొసలే, గోడలోకి దిగిన జానెడు జానెడున్నర. అక్కడ కూడా సిమెంటే. పాత బేల్దారి కొసల చుట్టూ ఖాళీ లేకుండా కూరేశాడు, గాలి ఆడక కలప మెత్తబడింది.

విచిత్రమేమిటంటే, పాడయిపోయి ఉంటుందని మేం వదులుకున్న వంటింటి మీది దంతెలు అన్నిటికంటే గట్టివి. బొగ్గులా నల్లగా ఉన్నాయి. అన్నదానాల పొగ ఏళ్ళ తరబడి పట్టింది. పొగ పట్టిన కలపకు పురుగు రాదని పాతవాళ్ళకు తెలిసిందే. వాటిని తుడవొద్దని ఆచారి చెప్పాడు, వదిన అప్పటికే బ్రష్షు కొనిపెట్టింది.

కుళ్ళిన కొసలను ఏటవాలుగా కోసి, అదే వాలులో చెక్కిన టేకు ముక్కను అతికించి, తుప్పు పట్టని స్టీలు బోల్టులు బిగించడం పద్ధతి. కొత్త టేకు పచ్చిది, మెలిపడుతుంది. అందుకని పాత ఇళ్ళు విప్పిన కలప కోసం ఆచారి, అన్న కారైకుడి దాకా పోయారు. మా కొండల కింద కలప లోడుతో రాత్రిపూట రావడం ఎలాంటిదో మీకు తెలిసిందే. చెక్‌పోస్టు దగ్గర టార్పాలిన్ మొత్తం విప్పించారు. ఎర్రచందనం కాదు, టేకు. అదీ మేకులు దిగిన పాత టేకు. బిల్లు చూపించి, ఒక కొస చెక్కి రంగు చూపించి బయటపడ్డారు. వాళ్ళ పని వాళ్ళు చేశారు, తప్పు పట్టేది లేదు.

అతికిన కొసలు గోడలోకి దిగేచోట కింద రాతి దిమ్మ, చుట్టూ వేలెడు ఖాళీ. ఆ ఖాళీని మూసేద్దామని చిన్నాయన, బల్లులు చేరతాయని. చేరనీ అన్నాం.

ఏప్రిల్: ఇటుకలు, జల్లి, దెబ్బలు

పలచ ఇటుక అంటే ఆరంగుళాల పొడుగు, మూడు వెడల్పు, అంగుళం మందం. మామూలు బట్టీల్లో చేయరు, తమిళనాడులో ఒకచోట చెప్పి చేయించాం. వాటిని పడుకోబెట్టరు, అంచు మీద నిలబెట్టి, దంతెలకు ఐమూలగా పేర్చుకుంటూ పోతారు.

కింద పలక కొట్టకుండానే ఈ పని జరుగుతుందంటే నేను నమ్మలేదు, చూసేదాకా. మేస్త్రి ఇటుకను నీళ్ళలో ముంచుతాడు. బుడగలు ఆగాక తీసి, ఒక ముఖానికి, ఒక అంచుకు సున్నం పూసి, ముందు వరుస ఇటుకకు ఆనించి, ఇటూ అటూ రెండుసార్లు రుద్ది నొక్కుతాడు. పక్కకు వచ్చిన సున్నాన్ని తాపీతో తీసేస్తాడు. ఇంకో మాట మాట్లాడేంత సేపు చేత్తో పట్టుకుని, వదిలేస్తాడు. ఇటుక అక్కడే ఉంటుంది, కింద గాలి. పక్క ఇటుక, దాని పక్క ఇటుక, అన్నీ ఒకదాన్నొకటి బిగించుకుని దంతె నుంచి దంతెకు చేరతాయి. అన్న ప్రయత్నించాడు. మూడు ఇటుకలు కింద పడసాలలో పడ్డాయి, నాలుగోది నిలిచింది. మేస్త్రి ఆ నాలుగోదాన్ని తీసేసి మళ్ళీ పెట్టాడు.

అది గట్టిపడ్డాక ఇటుక జల్లి. సున్నం కలిపిన జల్లిని నాలుగంగుళాలు పరిచి, మూడంగుళాలకు దిగేదాకా కొట్టాలి. కొట్టడానికి చెక్క పలకలు, చేతిపిడితో. మేస్త్రితో వచ్చిన ఆడవాళ్ళు వరుసగా కూర్చుని కొడుతూ వెనక్కి జరుగుతూ ఉంటే, ఒకరు కరక్కాయ నీళ్ళు చల్లుతూ పోతారు. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ఆపడం, మళ్ళీ సాయంత్రం. ఆదివారాలు మా ఇంట్లోవాళ్ళం కూడా వరుసలో కూర్చున్నాం. అమ్మ దెబ్బ అందరికంటే లయగా పడేది. కల్యాణమండపం బావ భార్య, అంటే మా అక్క, అరచేతులు బొబ్బలెక్కినా లేవలేదు. బావ కింద నిలబడి మజ్జిగ అందించాడు.

మొదట్లో దెబ్బ పడితే బొద్దుగా చప్పుడొస్తుంది, చెక్కకు సున్నం అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ చప్పుడు సన్నబడి, చెక్క పైకి ఎగిరి వస్తుంది. "ఇంక అది మనల్ని వద్దంటా ఉండాది" అన్నాడు మేస్త్రి. అప్పుడు ఆపాం. దాని మీద బిళ్ళలు రెండు వరుసలు, పైవరుస సందు కిందివరుస సందు మీద పడకుండా, తూముల వైపు వాలుగా.

మే: కత్తెర, జాతర

కత్తెర ఎండల్లో సున్నపు మిద్దెకు పెద్ద శత్రువు ఎండే. సున్నం గాలి పీల్చుకుంటూ మెల్లగా రాయి అవుతుంది. దానికి తడి కావాలి. ఉన్నట్టుండి ఆరితే పొడిపొడి అయిపోతుంది. మిద్దె నిండా గోనెపట్టలు పరిచి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకునే ముందు తడపాలి. ఈ పని చిన్నాయన అడగకుండానే తీసుకున్నాడు. తలకు తువ్వాలు చుట్టుకుని, పైపు పట్టుకుని, మధ్యాహ్నం మూడింటికి మిద్దె మీద నిలబడ్డ మనిషిని దిగమంటే, "మీకేం తెలుసు, మూలలు ఆరిపోతా ఉండాయి" అని మమ్మల్నే కసురుతాడు. అదే నోటితో, పైన ఒక పూత సిమెంటు వేసుంటే ఈ బాధ లేకపోయేది అనడమూ మానలేదు.

లోపలి పూత పని మధ్యలో తిరుపతి గంగజాతర వచ్చింది. చాటింపు పడ్డాక ఊళ్ళోవాళ్ళు రాత్రికి వేరే ఊళ్ళో ఉండకూడదు. మేస్త్రి అప్పటిదాకా సత్రంలోనే పడుకునేవాడు. చాటింపు రోజే సంచి సర్దుకుని పోయాడు, జాతర అయ్యేదాకా రాలేదు. మేమే పోయి చూశాం. సున్నపుకుండల వేషం రోజు ఒంటినిండా తెల్లచుక్కలతో, నెత్తిన కుండతో వీధిలో కనబడ్డాడు. "ఏడాదంతా సున్నంలో ఉండేవాడివి, ఈ ఒక్కరోజన్నా వేరే వేషం కట్టగూడదా?" అంది మేనత్త. మొక్కు అక్కా, మొక్కు అని నవ్వుకుంటూ పోయాడు.

ఆగస్టు: మొదటి పరీక్ష

రాత్రి మొదలైన వాన తెల్లారేదాకా పట్టి కొట్టింది. అన్న బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో, మేం టార్చిలైట్లతో పడసాలలో. కొత్త మిద్దె నడుమ ఎక్కడా చెమ్మ లేదు. పిట్టగోడ మొదట్లో, కొత్తదీ పాతదీ కలిసేచోట మాత్రం గోడ వెంట చార దిగింది. తెల్లారి మేస్త్రి వచ్చి చూసి, ఆ మూల అంతా తవ్వి, సున్నంతో గుండ్రంగా తీర్చి మళ్ళీ రుద్దాడు. నీళ్ళు ఆగే కోణం లేకుండా చేయడమే మందు. తర్వాతి వానకు చార రాలేదు. పాత సగానికీ అదే తీరు చేయించాలి, అక్కడ కోణంలో రావిమొక్క వేరు దిగి ఉంది. పీకితే ఇటుక వస్తుంది, కోసి వేరుకు మందు పెట్టాలి.

గోడల అడుగుభాగం ఇంకా ఉప్పు కక్కుతూనే ఉంది. ఇన్నేళ్ళ తడి ఒక ఎండాకాలంలో పోదు. పైన తెల్లగా పొడి కట్టినప్పుడల్లా పొడిబ్రష్షుతో దులపడం, కడగకపోవడం. వదిన కొన్న బ్రష్షు దీనికి పనికొచ్చింది.

సెప్టెంబరు

పెరటాసి మొదటి శనివారం తళిగ (స్వామికి పెట్టే నైవేద్యం) ఇక్కడే వేయాలని మేనత్త పట్టు. వంటింటి నేల గచ్చు ఇంకా ఆరలేదు, పెరట్లో పొయ్యి పెట్టుకోమన్నాం. స్తంభాల మీది నీలం ఎనామిల్ పెయింటు సగం గీకాం, రాయి చెక్కుళ్ళలో ఉన్నది అలాగే ఉంది. బావి పూడిక తీయలేదు.

అసలు గొడవ బాత్రూములది. సత్రంగా మళ్ళీ తెరవాలంటే అవి కావాలి. నడిచి వచ్చేవాళ్ళకు ముందు కావాల్సింది అదే. లోపల పెడితే పడసాల గోడకు మళ్ళీ తడి. పెరట్లో విడిగా కడితే కొత్త కట్టడం కిందికి వస్తుంది, దానికి వేరే దరఖాస్తు. విడిగానే కట్టాలని నేను, అన్న. అంత దూరం రాత్రిపూట ఎవరు పోతారని అమ్మ, మేనత్త. డ్రాయింగు వేసే ఆయన ఆదివారం వస్తున్నాడు. బావ కూడా వస్తానన్నాడు, టేపు తానే తెస్తాడట.